రుద్దని చోటు

"నర్సమ్మ ఎప్పుడొస్తుందండీ?" ఫోన్‌లో ఒక ఆడగొంతు. "మా నాన్న పొద్దుటి నుంచి దిండు కొరుకుతున్నాడు. పట్టీ మార్చాల్సిన రోజు నిన్ననే దాటిపోయింది."

ఇన్‌స్పెక్టర్ నజీహా గడియారం కేసి చూసింది. "కనుక్కుంటాం అమ్మా," అని పెట్టేసింది. ఆ పూటకి అది తొమ్మిదో ఫోను.

గోడ గడియారంలో ఒంటిగంటా నలభై. నాలుగు గంటలకు నర్సు దొర్సాఫ్‌ను జడ్జి ముందు నిలబెడతారు. హత్యానేరం కింద జైలు తలుపు ఒకసారి మూసుకుంటే మళ్ళీ తెరుచుకోవడానికి ఏడాది పట్టవచ్చు. బాబ్ జదీద్ పేటలో ముప్పై ఒక్క ఇళ్ళలో నయంకాని రోగులున్నారు. ఇంటింటికీ నడిచి వెళ్ళి వాళ్ళకు నొప్పి మందు ఇచ్చే మనిషి ఆమె ఒక్కతే.

మంగళవారం సాయంత్రం చనిపోయిన దూజా ఆ ముప్పై ఒక్కరిలో ఒకతె. అరవై ఎనిమిదేళ్ళు. రొమ్ములో మొదలైన క్యాన్సర్ వెన్నెముకలోకి పాకింది. ఐదు నెలలుగా వీపు మీద మందు పట్టీ అంటించుకుని, దాని పుణ్యమా అని కూర్చోగలిగింది, నిద్రపోగలిగింది. శవపరీక్షలో ఆ మందు ఆమె రక్తంలో ఉండాల్సినదానికి మూడింతలు ఉన్నట్టు తేలింది.

"ఇంకా ఆ ఫోటోలే చూస్తున్నారా?"

తలుపు దగ్గర కమిషనర్ ఖమీస్. నేర విభాగం మనిషి. నజీహా కన్నా ఆరేళ్ళు చిన్న, రెండు మెట్లు పైన.

"చూడనివ్వండి. ఇంకా రెండుగంటల ఇరవై నిమిషాలుంది."

"లెక్క నేను చెప్పనా? ఐదు పట్టీల పెట్టె. శనివారం ఒకటి అంటించారు, మంగళవారం పొద్దున ఇంకొకటి. మూడు మిగలాలి. బీరువాలో రెండే ఉన్నాయి. మూడోదానికి రెక్కలొచ్చాయా?"

"అది దొర్సాఫే అంటించిందని ఎవరు చూశారు?"

"పట్టీ మాయం. రక్తంలో మూడింతలు. చేతి మీద కొత్త సూది గుర్తు. ఇంకేం కావాలి మేడమ్, ఆవిడ పాట కట్టి పాడాలా?"

"సూది విరుగుడు మందుదని మొదటి రోజే చెప్పింది."

"పట్టుబడ్డ ప్రతివాళ్ళూ కాపాడటానికే వచ్చామంటారు." ఖమీస్ గొంతు తగ్గింది. "పోయినేడాది ఇలాంటి పట్టీతోనే పంతొమ్మిదేళ్ళ పిల్లాడు పోయాడు. అమ్మింది ఓ నర్సు. ఆ తల్లికి కబురు చెప్పింది నేను. సాక్ష్యం చాలదని వారం ఆగాను, ఆ వారంలోనే పోయాడు వాడు. మళ్ళీ ఆగమంటారా నన్ను?"

నజీహాకి ఒళ్ళు మండింది. మూర్ఖుడైతే తిట్టి పంపవచ్చు. ఇతనికి కారణం ఉంది, అయినా తప్పు చేస్తున్నాడు.

ఫోటోల కవరు చంకన పెట్టుకుని కిందికి దిగింది. లాకప్ గదిలోకి వంగి వెళ్తూ ఇనప బల్లకి మోకాలు కొట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మోకాలు గట్టిగా రుద్దుకుంటూ బల్ల మీద కూలబడింది.

దొర్సాఫ్ ఆ స్థితిలోనూ నవ్వింది. ముప్పై నాలుగేళ్ళ బక్కపలచని మనిషి. రెండు రాత్రులుగా నిద్ర లేదు. "చూశారా మేడమ్, ఎవరూ నేర్పకుండానే రుద్దుకున్నారు. అదీ మందే."

"నా మోకాలి సంగతి తర్వాత. ఆ పట్టీ ఏం చేస్తుందో నాకు మొదట్నించి చెప్పు. పోలీసులకి చెప్పినట్టు కాదు, పక్కింటావిడకి చెప్పినట్టు."

"దెబ్బ తగిలిన చోట నొప్పి ఉండదు మేడమ్. అక్కడ ఉండేది కబురే. నరం దాన్ని వెన్నులోకి మోస్తుంది, వెన్ను మెదడుకి అందిస్తుంది. మెదడు అందుకున్నాకే నొప్పి. మీరు రుద్దిన స్పర్శ కూడా అదే వెన్నులోకి పోయి మొదటి కబురుకి అడ్డం పడింది. మామూలు మాత్రలు దెబ్బ దగ్గరే పనిచేస్తాయి, కబురు గట్టిగా పుట్టకుండా. దూజా పిన్ని లాంటివాళ్ళకి అవి చాలవు. ఈ పట్టీలో మందు వెన్నులోనూ మెదడులోనూ తలుపు మూసేస్తుంది. కబురు వచ్చి బయటే నిలబడుతుంది."

"మరి మనిషిని చంపేదెట్లా?"

"ఊపిరి తియ్యమని చెప్పే చోటు కూడా అక్కడే, మెదడు అడుగున. మందు మితిమీరితే అదీ జోగుతుంది. గుక్క తిప్పుకోలేక గింజుకోవడం ఉండదు, భయం ఉండదు. గురక పెడుతూ పడుకున్నట్టే ఉంటుంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ పోతుంది. నేను వెళ్ళేసరికి ఆవిడ అట్లాగే ఉంది. ఆరుంపావు. విరుగుడు పొడిచాను. అప్పటికే ఆలస్యమైపోయింది."

"ఒక్క పట్టీతో మూడింతలు ఎలా వస్తుంది?"

"వేడి." దొర్సాఫ్ ముందుకు వంగింది. "పట్టీ మందు చర్మం కిందికి దిగి, అక్కణ్ణుంచి మెల్లగా రక్తంలోకి చేరుతుంది. మూడు రోజులు. పట్టీకి వేడి తగిలితే చర్మంలో నాళాలు విచ్చుకుంటాయి, రావాల్సినదానికన్నా ఎన్నో రెట్లు ఒకేసారి వచ్చిపడుతుంది. కమిషనర్ గారికి ఈ మాట మూడుసార్లు చెప్పాను. ఆవిడ ఇంట్లోంచి కదల్లేదని కొడుకు సంతకం పెట్టాడట. ఇంట్లో కుంపటి కూడా లేదట. ఇంక నన్నేం చెప్పమంటారు?"

నజీహా ఫోటోలు బల్ల మీద పరిచింది. ఖమీస్ అందరికీ చూపించేది చేతి ఫోటో, సూది గుర్తు ఉన్నది. అడుగున ఉన్న వీపు ఫోటో ఎవరూ పైకి తియ్యలేదు.

దొర్సాఫ్ దాన్ని దగ్గరికి లాక్కుంది. "ఇది దూజా పిన్ని వీపేనా?"

"కాక?"

"మంగళవారం పదింటికి పట్టీ మార్చింది నేను. నెల రోజులుగా తడిగుడ్డతో తుడవడమే, స్నానం లేదు. ఆ వీపు నల్లగా, పొలుసులు పొలుసులుగా ఉంది. ఇది చూడండి."

నజీహా చూసింది. వీపంతా శుభ్రంగా, ఎర్రగా కందినట్టు ఉంది. కుడి భుజం కింద మాత్రం మాసిన చర్మం ఒక చదరంగా మిగిలింది. డాక్టర్ పట్టీ పీకేసిన చోటు అది. కానీ ఆ చదరం పట్టీ కన్నా ప్రతివైపూ ఒక వేలెడు పెద్దది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకు అది చెప్పనక్కర్లేదు. గరుకు తొడుగు చేతికి వేసుకుని, ఆవిరిలో మెత్తబడ్డ ఒంటిని రుద్దితేనే చర్మం అలా తేలుతుంది. ఎవరో ఎంతో ఒద్దికగా, పట్టీ అంచు లేవకుండా, దాని చుట్టూ వేలెడు దూరం వదిలి రుద్దారు.

రెండూ ఇరవైకి దూజా కొడుకు రిదాను లోపలికి పిలిచింది. ఎర్ర ఉన్ని టోపీలు చేసే పని అతనిది. గోళ్ళ సందుల్లో ఇంకా ఆ రంగు ఉంది. నల్ల చొక్కా, మూడు రోజుల గడ్డం.

"మంగళవారం మీ అమ్మ ఎక్కడుంది?"

"ఇంట్లోనే మేడమ్. రాసిచ్చాను కదా."

"మధ్యాహ్నం ఒంటిగంటకి?"

"ఇంట్లోనే."

"మూడింటికి?"

"ఎన్నిసార్లడిగినా..."

"రిదా, నీ వీపు నువ్వు రుద్దుకోగలవా?"

అతను తెల్లబోయాడు. నజీహా ఫోటో అతని ముందు పెట్టింది. ఒక్కసారి చూసి మొహం తిప్పేసుకున్నాడు. తిప్పుకున్న మొహం తిరిగి ఇటు రాలేదు.

"ఒంటిగంటకి హమ్మామ్ దగ్గర దించాను," అన్నాడు గోడతో. "సాబాత్ వీధిలో ఆవిరి స్నానాల ఇల్లు ఉంది కదా, అక్కడ. మా చెల్లెలి కూతురి పెళ్ళిస్నానం. ఇంట్లో ఆడవాళ్ళందరూ వెళ్తున్నారు. 'నా మనవరాలి స్నానానికి నేను లేకపోవడమేంటిరా' అంది. నాలుగున్నరకి ఇంటికి తెచ్చాను. ఐదింటికి పడుకుంది."

"వేడి తగలకూడదని దొర్సాఫ్ నీకు చెప్పిందా, లేదా?"

"చెప్పింది."

"నువ్వు మీ అమ్మకి చెప్పావా?"

"ఏమని చెప్పను?" ఒక్కసారిగా అరిచాడు. "అమ్మకి ఆ జబ్బు పేరే తెలీదు! తెలిస్తే వారంలో పోతుందని ఇంట్లో అందరం అనుకున్నాం. వాతం అని చెప్పాం. వాతం పట్టీ అని చెప్పాం. పెట్టె మీద రాతలు చదివిస్తుందేమోనని అట్ట కూడా నేనే చింపేశాను. వాతం ఉన్నవాళ్ళని హమ్మామ్‌కి వెళ్ళొద్దంటే ఎవరైనా నమ్ముతారా? వాతానికి అందరూ పరిగెత్తేది అక్కడికే!"

నజీహా ఫోటో తీసి కవర్లో పెట్టేసింది.

"గుమ్మంలో నా భుజం పట్టుకుని దిగింది," అన్నాడతను మెల్లగా. "'ఈ పట్టీ కనిపెట్టినవాణ్ణి కన్నతల్లి చల్లగా ఉండాలి' అంది. నేను తొందరలో ఉన్నాను. సరేలే పదమన్నాను."

"ఇదంతా మంగళవారమే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే, తల్లిని చంపుకున్నది వీడేనని ఊరంతా అంటుంది."

"అందుకని ఆవిణ్ణి జైలుకి పంపుతున్నావు. పైన ఫోను మోగుతోంది విను. అవతల ఉన్నవాళ్ళకీ కొడుకులున్నారు."

రిదా కొత్త కాగితం మీద సంతకం పెట్టాడు. రెండూ నలభై. నజీహా ఆ కాగితం తీసుకెళ్ళి ఖమీస్ బల్ల మీద పెట్టింది. అతను రెండుసార్లు చదివాడు.

"నిన్న ఒకలా, ఇవాళ ఒకలా చెప్పే మనిషి. సరే, హమ్మామ్‌కి వెళ్ళిందనుకుందాం. వేడికి మందు ఎక్కువ దిగింది, ఒప్పుకుంటాను. మూడో పట్టీ కూడా వేడికి ఆవిరైపోయిందా?"

నజీహా పళ్ళు బిగించింది. ఎక్కడికి తిరిగినా ఆ ఒక్క పట్టీ అడ్డం పడుతోంది.

"ఆ పట్టీ దొరికితే?"

"దొరికితే సంకెళ్ళు నేనే విప్పుతాను. మూడుంపావుకి ఆవిణ్ణి కారెక్కిస్తాను. కోర్టుకి దారి సాబాత్ వీధి మీంచే. హమ్మామ్ ముందు ఐదు నిమిషాలు ఆపుతాను, మీ కోసం. ఆరో నిమిషం ఉండదు."

హమ్మామ్ గుమ్మానికి చారల గుడ్డ వేలాడుతోంది. ఆడవాళ్ళ వేళ. ఆ గుడ్డ ఉన్నంతసేపు కమిషనరైనా సరే, మగవాడు గడప తొక్కకూడదు. సమయం మూడూ ఐదు. లోపల చల్లని గదిలో బట్టల మూటలకి కాపలా కాసే బేయా అరుగు మీద కూర్చుని బఠాణీలు వలుస్తోంది.

"యూనిఫాం విప్పు తల్లీ, లేకపోతే ఉడికిపోతావు."

"స్నానానికి రాలేదు. మంగళవారం దూజా వీపు రుద్దింది ఎవరు?"

"ఇంకెవరు, మన్నూబియా. నలభై ఏళ్ళుగా దూజా వీపు ఇంకో చేతికి అప్పగించలేదు. పోయిందని తెలిసి మన్నూబియా ఆ రోజంతా అన్నం ముట్టలేదు."

"వేడి గదిలో ఎంతసేపున్నారు?"

"పెళ్ళికూతురి పాటలు అయ్యేదాకా. రెండు గంటల పైమాటే. వీపు హాయిగా ఉందంటే మన్నూబియా కాగిన రాతి తిన్నె మీద వెల్లకిలా పడుకోబెట్టింది. వాతానికి మంచిది కదా."

పట్టీ కింద కాగిన రాయి. నజీహా కళ్ళు మూసుకుంది. "ఇంత జరిగితే ఎవరికీ చెప్పలేదే?"

"ఎవరడిగారమ్మా? మీ సారు నిన్న ఇంటింటికీ తిరుగుతూ వచ్చి గుమ్మం బయట నిలబడి నోటుబుక్కులో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. గుడ్డతో మాట్లాడి వెళ్ళినట్టుంది."

"మన్నూబియాని పిలు."

"లోపలుంది. ఇవాళ ఎందుకో గొంతే వినపడట్లేదు. మామూలుగా ఆవిడ అరిస్తే వీధి చివర కుక్కలు లేస్తాయి. పొద్దున భలే హుషారుగా వచ్చింది. కుడి చెయ్యి నెత్తి మీదికెత్తి చూపించింది. ఇరవై ఏళ్ళుగా ఆ భుజం లేవదు. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందే బేయా, అంది."

నజీహా బూట్లతోనే లోపలికి పరిగెత్తింది.

మొదటి గది. రెండో గది. మూడో గదిలో ఆవిరి మొహానికి కొట్టింది. తడి రాళ్ళ మీద బూటు జారింది. తిన్నె మీద బోర్లా పడుకున్న లావుపాటి అమ్మాయి విసుగ్గా తలెత్తింది. "చూడక్కా, నన్ను సగం రుద్ది నిద్రపోయింది! ఎడమ కాలు మిగిలిపోయింది!"

నీళ్ళ తొట్టి పక్కన గోడకి ఆనుకుని మన్నూబియా. గడ్డం గుండెలకి ఆని ఉంది. గరుకు తొడుగు ఇంకా చేతికే ఉంది. గురక. ఆ తర్వాత ఏమీ లేదు. నజీహా తొమ్మిది లెక్కపెట్టాక ఇంకో గురక. పెదాలు నీలం. కనురెప్ప ఎత్తి చూస్తే నల్లగుడ్డు ఆవగింజంత.

నడుముకి చుట్టుకునే బట్ట భుజాల మీదికి కప్పుకుని ఉంది. నజీహా దాన్ని లాగేసింది. కుడి భుజం మీద, చెమటకి మెరుస్తూ, మందు పట్టీ.

పీకి జేబురుమాల్లో చుట్టింది. "పట్టండి! చన్నీళ్ళు! అందరూ పట్టండి!" నలుగురు ఆడవాళ్ళు, లావుపాటి అమ్మాయితో సహా, మన్నూబియాను చల్లని గదిలోకి మోసుకొచ్చారు. మూడూ ఇరవై ఎనిమిది. బయట కారు హారన్ మోగింది.

నజీహా చారల గుడ్డ పక్కకి తప్పించింది. ఖమీస్ అప్పుడే గడప మీద కాలు పెట్టబోతున్నాడు. వెనక ఏడెనిమిది గొంతులు కెవ్వుమన్నాయి. బేయా బఠాణీల పళ్ళెం విసిరింది.

"వెనక్కి! నువ్వు కాదు! దొర్సాఫ్‌ని పంపు, ఆమె సంచి ఇవ్వు. లోపల ఒక మనిషి ఊపిరి ఆగిపోతోంది."

"సంచి సాక్ష్యం. దానికి లక్క ముద్ర ఉంది. జడ్జి ముందు తప్ప..."

నజీహా జేబురుమాలు విప్పి అతని ముక్కు కింద పెట్టింది. "పట్టీ దొరికితే విప్పుతానన్నావు. ఇదిగో, చూసుకో."

ఖమీస్ చూశాడు. కారు దగ్గరికి వెళ్ళి, తాళంచెవి తీసి సంకెళ్ళు విప్పాడు. లక్క ముద్ర చేత్తో విరిచేశాడు.

దొర్సాఫ్ గుడ్డ దాటుకుని లోపలికి దూకింది. సంచిలో చివరి విరుగుడు సీసా. తొడలో సూది. అందరూ ఊపిరి బిగబట్టారు, తాము పీలిస్తే మన్నూబియా వంతు తీసేసుకున్నట్టవుతుందేమోనన్నట్టు. ఒక నిమిషం. ఒకటిన్నర నిమిషం. మన్నూబియా ఛాతీ ఎగసింది. దగ్గింది. కళ్ళు తెరిచి, కుడి భుజం పట్టుకుని మూలిగింది.

"నా భుజం! అమ్మో! నా పట్టీ పీకింది ఎవత్తే?"

బేయా ఏడుస్తూ నవ్వింది. విరుగుడు ఆ మూసిన తలుపును ఒక్క తోపుతో తెరిచింది. ఊపిరీ లోపలికొచ్చింది, ఇరవై ఏళ్ళ నొప్పీ వచ్చింది.

"ఆ పట్టీ ఎవరిచ్చారు?" నజీహా గట్టిగా అడిగింది, గుడ్డ అవతలికి వినపడేట్టు.

"ఇంకెవరు, దూజా. మంగళవారం బట్టల మూటలో పెట్టి తెచ్చింది. 'మా వాడు తెచ్చిన వాతం పట్టీ, నువ్వూ ఒకటి వేసుకోవే, నీ భుజం కోసం' అంది. చచ్చిపోయిన మనిషి ఇచ్చింది కదా, దాచుకున్నాను. నిన్న రాత్రి భుజం ఓర్చుకోలేక వేసుకున్నాను. ఏం, తప్పా?"

గుడ్డ అవతల ఖమీస్, "మేడమ్ దొర్సాఫ్," అన్నాడు. "మిమ్మల్ని కోర్టుకి తీసుకెళ్ళను. ఈవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్దాం. కారు ఇక్కడే ఉంది."

"పదండి. విరుగుడు త్వరగా దిగిపోతుంది, మందు ఒంట్లో ఇంకా ఉంటుంది." దొర్సాఫ్ సంచి సర్దుతూ, నజీహా చేతిలోని జేబురుమాలు అందుకుంది. పట్టీని వెలుతురుకి ఎత్తి చూసింది. ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది.

"మేడమ్. ఇది సగమే."

ఒక అంచు కత్తెరతో నిట్టనిలువుగా కోసి ఉంది.

"మన్నూబియా!" నజీహా ఆమె చెంపలు రెండు చేతులా పట్టుకుంది. "మిగతా సగం ఏది?"

మన్నూబియా రెప్పలు మళ్ళీ బరువెక్కుతున్నాయి. "మా అక్కకి. దాని నడుము... ఊరికి వెళ్తోంది కదా పాపం, అంతసేపు కూర్చోవాలి. పొద్దున అంటించాను. పన్నెండింటికి ఇక్కడే స్నానం చేయించాను, వేడివేడిగా. మళ్ళీ ఎప్పుడొస్తుందో..."

"ఎక్కడికి వెళ్తోంది?"

"గఫ్సా బస్సు. రెండున్నరకి ఎక్కించాను. కిటికీ పక్కన."

మూడూ ముప్పై ఆరు. గుడ్డ అవతల ఖమీస్ అప్పటికే ఫోను చెవికి పెట్టుకుని బస్టాండుకి అరుస్తున్నాడు. రెండున్నర గఫ్సా బస్సు. డ్రైవర్ నంబరు. వెంటనే ఆపమనండి. ముసలావిడ, కిటికీ పక్కన కూర్చుని నిద్రపోతూ ఉంటుంది, లేపమనండి. నజీహా గుడ్డ పక్కకి జరిపి ఫోను దగ్గర చెవి పెట్టింది.

అవతలి గుమాస్తా తాపీగా నవ్వాడు. "ఆరు గంటల ప్రయాణం సార్. భోజనాలు చేసి ఎక్కుతారు. ఆ బస్సులో ఈపాటికి డ్రైవర్ తప్ప అందరూ నిద్రలోనే ఉంటారు. ఎవర్ని లేపమంటారు?"